ఎలుక మెదడులో ఇంద్రియాల కలయిక: ఏ జంతువు, ఏ ఇంద్రియాల జత, మెదడులో ఏ చోటు ఎంచుకోవాలి?

న్యూరోసైన్స్ ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లు ఒకే దగ్గర ఇరుక్కుపోవడం తరచూ చూస్తుంటాను. "ఇంద్రియాల సమాచారాన్ని ఎలుక మెదడు ఎలా కలుపుతుందో చూడు" అంటారు గైడ్. ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలున్నాయి. జంతువు ర్యాటా, మౌసా? కలపాల్సింది వెలుగూ శబ్దమా, చూపూ మీసాల స్పర్శా, వాసనా ఇంకొకటా? ఎలక్ట్రోడ్ దించాల్సింది మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోనా, మధ్య మెదడులోనా? చాలామంది ల్యాబ్‌లో ఏ పరికరం ఖాళీగా ఉందో చూసుకుని తేల్చేస్తారు. రెండేళ్లు గడిచాక, చేతిలో ఉన్న డేటా తాము అడగాలనుకున్న ప్రశ్నకు జవాబు చెప్పదని అర్థమవుతుంది.

ఆ రెండేళ్లు మిగలాలనే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ జంతువు తన బతుకులో ఏ రెండు ఇంద్రియాలను కలుపుకుని ఏ పని చక్కబెట్టుకుంటుందో చూసి మొదలుపెట్టినవాళ్లు తక్కువ చిక్కుల్లో పడతారు. పరికరాల సంగతి ఆ తర్వాత. ఇక్కడి నుంచి ర్యాట్‌ను ఎలుక అనీ, మౌస్‌ను చిట్టెలుక అనీ రాస్తాను.

## ముందు తేలాల్సింది: "కలపడం" అంటే మీ ఉద్దేశం ఏమిటి?

ఈ మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి. ఒక్కో అర్థానికి సరిపడే జంతువు, పని, మెదడు భాగం వేరు.

మొదటిది బలపడటం. మినుకుమనే వెలుగుకు ఒక న్యూరాన్ కొద్దిగా స్పందిస్తుంది. సన్నని శబ్దానికీ కొద్దిగానే. రెండూ కలిసి వస్తే ఆ స్పందన విడి స్పందనల మొత్తాన్ని కూడా దాటిపోవచ్చు. అలెక్స్ మెరెడిత్, బారీ స్టైన్ 1983లో పిల్లి మధ్య మెదడులోని సుపీరియర్ కోలిక్యులస్‌లో చూపింది ఇదే. ఆ పనితో మొదలైన పరిశోధన నుంచే మూడు సూత్రాలు వాడుకలోకి వచ్చాయి. రెండు సంకేతాలూ ఒకే చోటు నుంచి రావాలి, దాదాపు ఒకే వేళకు రావాలి, విడివిడిగా ఎంత బలహీనంగా ఉంటే కలయిక వల్ల లాభం అంత ఎక్కువ.

రెండోది తూకం వేయడం. మసక చీకట్లో దారికి అడ్డంగా ఏదో వంకరగా పడి ఉంది. తాడో పామో కంటికి తేలదు. అప్పుడు పక్కన ఆకుల గలగల వినిపిస్తే ఆ చప్పుడుకు విలువ పెరుగుతుంది. అదే పట్టపగలైతే కన్ను చెప్పిందే చాలు. ఏ ఇంద్రియం ఆ క్షణంలో ఎంత నమ్మదగిందో దానికి అంత వాటా. మనుషులు చూపునూ చేతి స్పర్శనూ గణితం చెప్పినంత చక్కగా ఇలా కలుపుతారని 2002లో ఎర్నస్ట్, బ్యాంక్స్ చూపారు. ఎలుకల మీద ఈ రంగంలో వచ్చిన పనిలో పెద్ద భాగం ఆ ప్రయోగానికి వారసత్వమే.

మూడోది, అసలు కలపాలా వద్దా అన్నది. వెలుగు ఎడమ నుంచి, శబ్దం కుడి నుంచి వస్తే అవి ఒకే వస్తువువా, రెండు వేర్వేరు వస్తువులవా? నాలుగోది, ఒక ఇంద్రియం మరొకదాని పనితీరును మార్చడం. దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ తల్లి చిట్టెలుక. జెరూసలేంలో కోహెన్, రోత్‌షీల్డ్, మిజ్రాహీ 2011లో చూసింది ఏమిటంటే, పాలిచ్చే తల్లుల శ్రవణ (వినికిడి) కార్టెక్స్‌లో న్యూరాన్లు శబ్దాలకు ఇచ్చే స్పందన పిల్లల వాసన తగలగానే మారిపోతుంది. పిల్లలతో పరిచయం లేని ఆడవాటిలో అలాంటి మార్పు కనిపించలేదు. ఇక్కడ రెండు అంచనాల సగటు లేదు, తూకమూ లేదు. వాసన వచ్చి వినికిడిని వేరే పనికి సిద్ధం చేసింది.

మీ ప్రశ్న ఈ నాలుగింటిలో ఏదో ఒక వాక్యంలో రాసుకునేదాకా ముందుకు కదలొద్దు.

## ఎంపికకు కొలబద్దలు

రెండు ఇంద్రియాల కష్టాన్నీ విడివిడిగా సరిచేయగలరా? తూకం గురించి అడిగేవాళ్లకు ఇదే ప్రాణం. లెక్క ఒకసారి చేసి చూద్దాం. చూపుతో ఇచ్చే అంచనాలో తడబాటు (ప్రామాణిక విచలనం) 4, వినికిడితోనూ 4 అనుకోండి. రెంటినీ చక్కగా కలిపితే తడబాటు సుమారు 2.83కి దిగుతుంది. అంటే దాదాపు 30 శాతం తగ్గింది, ఇది కొలవగలిగే లాభం. ఇప్పుడు చూపు తడబాటు 3, వినికిడి తడబాటు 6 అనుకోండి. వాటాలు తడబాటు వర్గానికి విలోమంగా ఉంటాయి కాబట్టి చూపుకు 80 శాతం, వినికిడికి 20 శాతం వాటా పడుతుంది. కలిపిన తడబాటు సుమారు 2.68. చూపు ఒక్కదానితోనే 3 ఉంది కాబట్టి లాభం 11 శాతం దగ్గర ఆగిపోయింది. ఒక ఎలుక ఒక రోజు సరిగ్గా తాగక, సరిగ్గా పనిచేయకపోతే వచ్చే తేడాలో ఈ 11 శాతం కొట్టుకుపోతుంది. రెండు ఇంద్రియాల కష్టం దాదాపు సమానంగా వచ్చేలా తిప్పుకోగల మీటలు లేని ప్రయోగాన్ని, ఎంత అందంగా ఉన్నా, తూకం ప్రశ్నకు ఎంచుకోకండి.

రెండూ ఎప్పుడు చేరుతున్నాయి? శబ్దం కార్టెక్స్‌ను చేరేంతలో వెలుగు ఇంకా రెటీనాలోని రసాయన చర్యల దగ్గరే ఉంటుంది. చూపు కొన్ని పదుల మిల్లీసెకన్లు వెనకబడుతుంది. కంప్యూటర్ ఒకే క్షణంలో పంపినవి మెదడుకు ఒకే క్షణంలో చేరవు. వాసన సంగతి మరీ కష్టం. అది గాలి వెంట వస్తుంది, పైగా జంతువు ఎప్పుడు పీల్చితే అప్పుడే లోపలికి వెళుతుంది.

కదలికను వేరుచేయగలరా? దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ రంగాన్ని గట్టిగా కుదిపిన విషయం ఇదే. శబ్దం వినిపిస్తే చిట్టెలుక దృశ్య కార్టెక్స్‌లో చలనం, అంటే న్యూరాన్ల స్పందన, కనిపిస్తుందని చాలా ల్యాబులు చూశాయి. ప్రాథమిక దృశ్య కార్టెక్స్ కూడా బహుళ ఇంద్రియ కేంద్రమేనన్న మాట బలపడుతూ వచ్చింది. 2023లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బింబార్డ్, ఆయన సహచరులు ఒకేసారి వందల న్యూరాన్లను రికార్డు చేయగల న్యూరోపిక్సెల్స్ ఎలక్ట్రోడ్లతో అదే చలనాన్ని కొలిచారు. శబ్దం వినగానే చిట్టెలుక ముఖం, ఒళ్లు చిన్నగా కదులుతాయి. ఆ కదలికను వీడియోలో కొలిస్తే చాలు, దృశ్య కార్టెక్స్‌లోని ఆ చలనాన్ని దాదాపుగా ముందే చెప్పేయవచ్చని తేలింది. శ్రవణ కార్టెక్స్ నుంచి వచ్చే తీగలతో దానికి పని లేదు. శబ్దంతో నేరుగా పెద్ద సంబంధం లేని హిప్పోక్యాంపస్ వైపు భాగాల్లోనూ అలాంటి చలనమే కనిపించింది. అంటే అక్కడ శబ్దం చూపుతో కలవలేదు, ఉలికిపాటు మెదడంతా పాకింది. ఇదొక్కటే చదివి ప్రాథమిక కార్టెక్స్‌లో కలయిక అసలు లేదని తీర్మానించడమూ తొందరపాటే. శబ్దం వల్ల దృశ్య కార్టెక్స్ న్యూరాన్లలో నిరోధక సంకేతాలు వస్తాయని 2012లో ఇయూరిల్లి బృందం కణాల లోపలి నుంచే రికార్డు చేసింది. కానీ ముఖం మీద కెమెరా లేకుండా చేసిన కొత్త ప్రయోగాన్ని ఈ రోజుల్లో నేనైతే నమ్మను.

ఆ భాగాన్ని ఆపి చూడగలరా? ఒక భాగంలో రెండు ఇంద్రియాల సంకేతాలూ కనిపించడం ఒక సంగతి. నిర్ణయానికి ఆ భాగం కావాల్సి రావడం మరో సంగతి. రెండూ ఒకటే అనుకుంటే ఏమవుతుందో మెదడు భాగాల దగ్గర చెబుతాను.

వేగం పెరిగిందంటే కలిసినట్టేనా? రెండు ఇంద్రియాలు ఉన్నప్పుడు జంతువు త్వరగా స్పందిస్తే కలయిక రుజువైందని సంబరపడకండి. ఇద్దరు పరుగు పందెంలో ఉంటే గెలిచినవాడి సగటు సమయం విడిగా ఒక్కొక్కడి సగటు సమయం కంటే తక్కువే ఉంటుంది. వాళ్లు ఒకరికొకరు సాయం చేసుకోనక్కర్లేదు. ఆ పందెం ఇవ్వగలిగినంత లాభానికి పైన ఇంకా ఉందా అని చూసే పరీక్షను మిల్లర్ 1982లో ఇచ్చాడు. స్పందన సమయాలను కొలుస్తుంటే ఆ పరీక్ష తప్పనిసరి.

## ఎలుకా, చిట్టెలుకా?

| అంశం | ఎలుక | చిట్టెలుక |
|---|---|---|
| పెద్దయ్యాక బరువు | 250 నుంచి 500 గ్రాములు | 20 నుంచి 30 గ్రాములు |
| చూపు స్పష్టత (డిగ్రీకి ఎన్ని సైకిళ్లు, అంటే నలుపు-తెలుపు గీతల జతలు; మనిషికి సుమారు 30) | రంగున్న జాతుల్లో సుమారు 1, తెల్ల జాతుల్లో దాదాపు సగం | సుమారు 0.5 |
| వినికిడి | సుమారు 0.25 నుంచి 80 కిలోహెర్ట్జ్ | సుమారు 2 నుంచి 90 కిలోహెర్ట్జ్ |
| కష్టమైన పని నేర్పడం | ఓపిక ఎక్కువ, నియమాలు బాగా నిలుపుకుంటుంది | సరళమైన పనులకు సరిపోతుంది |
| జన్యు సాధనాలు | ఉన్నాయి, తక్కువ | చాలా ఎక్కువ |
| తల బిగించి సూక్ష్మదర్శినితో చూడటం | కష్టం | మామూలు పద్ధతి అయిపోయింది |

పట్టికను చూసి నిర్ణయించేయకండి. దీని కింద జాతి ఎంపిక అనే పెద్ద గుంట ఉంది.

ల్యాబుల్లో ఎక్కువగా వాడే చిట్టెలుక సి57 బ్లాక్ సిక్స్. దాని జన్యువుల్లో, క్యాడ్‌హెరిన్-23 దగ్గర, వయసుతో పాటు చెవుడు తెచ్చే మార్పు ఒకటి ఉంది. కొన్ని నెలల వయసు నుంచే పై పౌనఃపున్యాల దగ్గర వినికిడి తగ్గడం మొదలవుతుంది. శిక్షణకు మూడు నెలలు, రికార్డింగుకు మూడు నెలలు పట్టే ప్రయోగంలో మీ "శబ్దం ట్రయల్స్" (శబ్దం ఒక్కటే ఇచ్చే విడతలు) నెలనెలా కష్టమవుతూ పోతాయి. తూకం మారింది, మెదడు నేర్చుకుంది అని మీరు రాసుకునేది నిజానికి చెవి పోవడం కావచ్చు. సీబీఏ/సీఏజే జాతి చెవి చాలాకాలం బాగుంటుంది. అయితే పేరులో రెండక్షరాలే తేడా ఉన్న సీబీఏ/జే కొనకండి. దానిలో రెటీనా క్షీణించే జన్యువు ఉంది, అది గుడ్డిదవుతుంది. ఎఫ్‌వీబీ, సీ3హెచ్ జాతుల్లోనూ అదే సమస్య. వెలుగు-శబ్దం ప్రయోగానికి గుడ్డి జాతినో చెవిటి జాతినో ఆర్డరు పెట్టడం మీరనుకున్నంత అరుదు కాదు.

ఎలుకల్లో లాంగ్-ఎవాన్స్ నల్ల తల జాతి చూపుకు నమ్మకమైనది. మన దగ్గర ఫార్మసీ కాలేజీల్లో, జంతు కేంద్రాల్లో సులువుగా దొరికేది తెల్ల విస్టార్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మీద ఉన్న ఎలుకల వంశాలు కూడా విస్టారే. మందుల పరీక్షకు, పోషకాహార పరిశోధనకు అవి చక్కని జంతువులు. కానీ సన్నని గీతల దిశ చెప్పమని వాటిని అడగడం అన్యాయం. విస్టార్ తప్ప వేరే దారి లేకపోతే చూపును వెలుగు మెరుపుల స్థాయికి దించండి, లేదా చూపు మానేసి స్పర్శ-శబ్దం వైపు వెళ్లండి. అలా చేస్తే లోటేమీ లేదు, ఎలుక బతుకులో ఆ జతకు ఎక్కువ అర్థం ఉంది.

ఇంకో రెండు జంతువులు ఒక్క మాటలో. మనిషి వినే తక్కువ పౌనఃపున్యాలతో పని ఉంటే మంగోలియన్ జెర్బిల్. చెవిలో హోరు గురించి, అంటే మెడ, దవడ నుంచి వచ్చే స్పర్శ సంకేతాలు వినికిడి మొదటి మజిలీలోనే శబ్దంతో కలవడం గురించి అడుగుతుంటే గినీ పంది. ఆ పనికి డోర్సల్ కాక్లియర్ న్యూక్లియస్‌ను మించిన చోటు లేదు.

## ఇంద్రియాల జతలు

### వెలుగు, శబ్దం

ఎక్కువమంది ఎంచుకునే జత. కారణం సులభం. ఎల్ఈడీ, స్పీకర్ రెండూ చవక, మిల్లీసెకను దాకా అదుపులో ఉంటాయి, కష్టాన్ని ఎలా కావాలంటే అలా తిప్పవచ్చు. ఈ జతకు మంచి పునాది వేసింది కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆన్ చర్చ్‌లాండ్ బృందం. 2012లో రపోసో తదితరులు ఎలుకలకూ మనుషులకూ ఒకే ఆట నేర్పారు. మెరుపులు, టిక్కులు ఒక్కటొక్కటిగా వస్తాయి. వాటి వేగం ఎక్కువా తక్కువా చెప్పాలి. రెండూ ఉన్నప్పుడు ఎలుకలు మెరుగ్గా చెప్పాయి. అందమైన సంగతి ఏమిటంటే, మెరుపులు, టిక్కులు ఒకే క్షణంలో పడకుండా వాటి దారిన అవి వచ్చినా ఆ లాభం నిలబడింది. అంటే ఇక్కడ కలుస్తున్నది క్షణక్షణం తగిలే సంకేతాలు కావు, వాటి నుంచి పోగుచేసుకున్న అంచనాలు. మరుసటి ఏడాది షెప్పర్డ్ తదితరులు వెలుగు నమ్మకాన్ని తగ్గించి పెంచితే ఎలుకలు వాటాలనూ తగ్గించి పెంచాయి.

చిట్టెలుకలతో అయితే కోయెన్ బృందం 2023లో చేసిన ప్రయోగం చదవండి. తల బిగించిన చిట్టెలుక ముందు కాళ్లతో చిన్న చక్రం తిప్పి, వెలుగు గీతలు, శబ్దం ఎడమనా కుడినా చెబుతుంది. రెండూ కొన్నిసార్లు ఒకే వైపు, కొన్నిసార్లు ఎదురెదురుగా. వాటి ప్రవర్తనంతా ఒక చిన్న కూడికలో ఇమిడిపోయింది. చూపు ఇచ్చే సాక్ష్యం, వినికిడి ఇచ్చే సాక్ష్యం, రెంటి మొత్తం. ఇలా పొట్టి సమీకరణంలో నిలిచే ప్రవర్తన దొరకడం అదృష్టం, న్యూరాన్లలో ఏం వెతకాలో అది చెబుతుంది.

ఇక ఈ జత లోట్లు. చిట్టెలుక కంట్లో ఒక రకం కోన్లు (రెటీనాలో కాంతిని పట్టే కణాలు) సుమారు 360 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పట్టుకుంటాయి. మనుషుల కోసం చేసిన తెరలు ఆ కాంతిని ఇవ్వవు. మామూలు స్పీకర్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, పిల్లల పిలుపులు దానికి ఎంతో పైన ఉంటాయి. కాబట్టి మనం జంతువుకు చూపించేది సగం ప్రపంచం. రెండోది, శబ్దం ఉలికిపాటు తేగలదు, కదలిక చిక్కు ఈ జతలోనే ఎక్కువ. మూడోది, రెండు ఇంద్రియాలు తగవులాడినప్పుడు అన్ని పనుల్లో ఒకే తీర్పు రాదు. కొరియాలో సాంగ్ తదితరులు 2017లో వాడిన పనిలో చిట్టెలుకలు చెవి మాటే విన్నాయి. మీ పనిలో ఏది గెలుస్తుందో ముందే ఊహించి ప్రణాళిక కట్టకండి.

### చూపు, స్పర్శ

నాకు అన్నిటికంటే నచ్చిన జత ఇది. ఎలుక సెకనుకు సుమారు 8 సార్లు మీసాలు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ వస్తువును తడిమి చూస్తుంది. చీకటి కలుగులో పుట్టి పెరిగే జంతువుకు అవి వేళ్లతో సమానం. ఒక్కో మీసానికి కార్టెక్స్‌లో ఒక్కో గుండ్రని గుంపు ఉంటుంది. 1970లో వూల్సీ, వాన్ డెర్ లూస్ చిట్టెలుకలో వాటిని చూసి బ్యారెల్ అని పేరు పెట్టారు. ఇంత తేటగా గీసి ఉన్న పటం మెదడులో అరుదు.

ఇటలీలోని ట్రియెస్టేలో నిక్‌బఖ్త్, డైమండ్, వారి సహచరులు 2018లో ఎలుక ముందు గట్లు గట్లుగా ఉన్న ఒక పళ్లెం పెట్టారు. గట్ల దిశ నిలువుకు దగ్గరా, అడ్డానికి దగ్గరా చెప్పాలి. కొన్నిసార్లు వెలుతురులో కంటితో, కొన్నిసార్లు చీకట్లో మీసాలతో, కొన్నిసార్లు రెండింటితో. రెండూ ఉన్నప్పుడు వచ్చిన ఫలితం, పైన మనం చేసుకున్న తూకం లెక్క ఇవ్వగలిగిన దానికంటే కూడా మెరుగ్గా ఉంది. మెదడు పైభాగంలో వెనక వైపు ఉండే పోస్టీరియర్ పెరైటల్ కార్టెక్స్‌లోని న్యూరాన్లు ఆ దిశను కంటితో తెలిసినా స్పర్శతో తెలిసినా ఒకే తీరున చెప్పాయి. చూసినదీ తాకినదీ ఒకే వస్తువు అన్న భావం ఎలుక మెదడులో ఎక్కడో ఉందని నాకు నమ్మకం కలిగించిన ప్రయోగం అది.

ధర కూడా చెప్పాలి. స్పర్శ ఎప్పుడు మొదలవుతుందో జంతువు చేతిలో, అంటే మీసం చేతిలో ఉంటుంది. వేగమైన కెమెరా లేనిదే ఆ క్షణం తెలియదు. పళ్లెం తిప్పే మోటారు చప్పుడు కూడా దిశను చెప్పేయగలదు, దాన్ని కప్పాలి. శిక్షణకు నెలలు పడుతుంది.

### వాసనతో జతలు

శబ్దంతో కలిసే తీరును తల్లి చిట్టెలుక దగ్గర చూశాం. ఆల్ఫ్యాక్టరీ ట్యూబర్‌కిల్ అనే వాసన భాగంలో శబ్దానికి స్పందించే న్యూరాన్లున్నాయని 2010లో వెసన్, విల్సన్ చూపారు. రుచి సంకేతాలు వాసనకు ముఖ్యమైన పిరిఫార్మ్ కార్టెక్స్‌ను చేరతాయని 2012లో మేయర్, వచోవియాక్, కాట్జ్ చూపారు. సహజత్వంలో ఈ జతలకు సాటి లేదు. సమయం మీద పట్టులో అన్నిటికంటే వెనక. ముక్కు దగ్గర గాలి పీల్చుకోవడాన్ని కొలిచే ఏర్పాటు లేకపోతే వీటి జోలికి వెళ్లొద్దు. ఉంటే మాత్రం, ఇంకా తొక్కని దారులు ఇక్కడే ఎక్కువ.

## మెదడులో ఎక్కడ చూడాలి?

| చోటు | ఏ ప్రశ్నకు సరిపోతుంది | ఏం జాగ్రత్త |
|---|---|---|
| సుపీరియర్ కోలిక్యులస్ | బలపడటం, ఒకే దిశకు తల తిప్పడం, ప్రమాదం నుంచి పారిపోవడం | లోతు పొరను బట్టి ఇంద్రియం మారుతుంది |
| ప్రాథమిక కార్టెక్సులు | ఒక ఇంద్రియం మరొకదాని పనితీరును మార్చడం | కదలిక, ఉలికిపాటు |
| పెరైటల్ కార్టెక్స్, దాని పక్కన ఆర్ఎల్ (రోస్ట్రోలేటరల్) ప్రాంతం | చూపు-స్పర్శ, వస్తువు గుర్తింపు | సంకేతం ఉన్నంత మాత్రాన అవసరం ఉన్నట్టు కాదు |
| ఫ్రంటల్ కార్టెక్స్ | సాక్ష్యాల కూడిక, నిర్ణయం | చేయబోయే కదలికతో కలగాపులగం |
| ఇన్సులా (కార్టెక్స్‌లో పక్కవైపు భాగం) | ఎదుగుదల, ఆటిజం నమూనాలు | చిన్న ప్రాంతం, పక్కవైపు నుంచి చేరాలి |

కోలిక్యులస్ గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. పైపొరల్లో చూపు, కింద మీసాల స్పర్శ, శబ్దం. 1975లో డ్రాగర్, హ్యూబెల్ చిట్టెలుకలో ఈ పటాలు ఒకదాని కింద ఒకటి దిశలు కలిసేలా పేర్చి ఉన్నాయని చూపారు. బలపడటమే మీ ప్రశ్న అయితే మరో ఆలోచన లేకుండా ఇక్కడికే రండి.

పెరైటల్ కార్టెక్స్ దగ్గర మాత్రం చాలామంది బోల్తా పడతారు. చర్చ్‌లాండ్ బృందమే 2014లో ఎలుక పెరైటల్ కార్టెక్స్‌లో రికార్డు చేసింది. ఇంద్రియం, ఎంపిక రెండింటి జాడలూ ఒకే న్యూరాన్లలో రకరకాల పాళ్లలో కలిసి కనిపించాయి. ఇదే కలిపే చోటు అనుకోవడం సహజం. తీరా ఆ భాగాన్ని నిశ్శబ్దం చేస్తే దెబ్బ తిన్నవి చూపుతో తీసుకునే నిర్ణయాలు, వినికిడి నిర్ణయాలు నిలబడ్డాయి. ఆట మాత్రం అదే. ట్రియెస్టే వాళ్ల చూపు-స్పర్శ పనిలో ఆ కార్టెక్స్ వస్తువు దిశను ఇంద్రియంతో నిమిత్తం లేకుండా చెప్పింది. రెండు ఫలితాలూ నిజమే కావచ్చు. పని మారితే అదే కణజాలం వేరే పాత్ర తీసుకుంటుంది. అందుకే "పెరైటల్ కార్టెక్స్ ఇంద్రియాలను కలుపుతుంది" అని రాసే ముందు ఏ పనిలో, ఏ జంతువులో, ఆపి చూశాక ఏమైంది అన్న మూడూ రాయండి.

కణాల స్థాయి ప్రశ్నలకు చిట్టెలుక ఆర్ఎల్ ప్రాంతం బాగా నప్పుతుంది. చూపు కార్టెక్స్‌కూ బ్యారెల్ కార్టెక్స్‌కూ నడుమ ఉంటుంది. ఓల్చెసే, ఇయూరిల్లి, మెదీనీ 2013లో అక్కడ పిరమిడ్ కణాలు (ఉత్తేజపరిచే న్యూరాన్లు) రెండు ఇంద్రియాలనూ కలపడంలో పార్వాల్‌బ్యుమిన్ నిరోధక కణాల కంటే ముందున్నాయని చూపారు. నిర్ణయం వైపు వెళ్లేవాళ్లకు కోయెన్ బృందం చూపిన ఫ్రంటల్ ప్రాంతం, అంటే సెకండరీ మోటార్ కార్టెక్స్. దృశ్య కార్టెక్స్‌ను ఆపితే చూపు నిర్ణయాలే చెడ్డాయి, దీన్ని ఆపితే రెండు ఇంద్రియాలతో తీసుకునే నిర్ణయాలూ చెడ్డాయి. ఆటిజం మీద ఆసక్తి ఉన్నవాళ్లు 2014లో గోగొల్లా, హెన్ష్ తదితరులు ఇన్సులాలో చేసిన పనితో మొదలుపెట్టండి. ఆటిజం నమూనా చిట్టెలుకల్లో కలయిక దెబ్బతిని ఉంది. బీటీబీఆర్ జాతిలో చిన్న వయసులో నిరోధక సంకేతాలను బలపరిచే డయజెపామ్ మందు ఇస్తే అది మెరుగుపడింది.

## ఎవరికి ఏది?

ఆరు నెలల ఎంఎస్సీ ప్రాజెక్టు అయితే జంతువుకు కొత్త పని నేర్పే ఆలోచన మానండి. సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతికే కొన్ని వారాలు పోతాయి, కేంద్ర కమిటీ నిబంధనల ప్రకారం అది లేకుండా పంజరం తెరవకూడదు. మెరుపులు, టిక్కుల ఆట మనుషులతోనూ నడుస్తుంది కదా. ఒక ఎల్ఈడీ, హెడ్‌ఫోన్లు, పది మంది స్నేహితులు, మనుషుల ప్రయోగాలకు కావాల్సిన అనుమతి. తూకం లెక్క మొత్తం మీ చేతుల మీద చేస్తారు. తర్వాత ఎలుకల దగ్గరకు వెళ్లినప్పుడు అదే కోడ్ పనికొస్తుంది. చనిపోయే జంతువుల సంఖ్యా తగ్గుతుంది, దాన్ని నేను చిన్న సంగతిగా చూడను.

ఐదేళ్ల పీహెచ్‌డీ, ప్రవర్తన మీద ఇష్టం, నేర్పే ఓపిక ఉంటే ఎలుక, చూపు-స్పర్శ. ఫలితం ఆలస్యంగా వస్తుంది, కానీ వస్తే జంతువు గురించి నిజంగా ఏదో చెబుతుంది. జన్యు సాధనాలు, కణాల రకాలు, నరాల తీగల అల్లిక మీద ఆసక్తి ఉన్నవాళ్లకు చిట్టెలుక, చక్రం తిప్పే పని, వెలుగు-శబ్దం. ల్యాబ్‌లో ఆప్టోజెనెటిక్స్, అంటే కాంతితో న్యూరాన్లను ఆపే పద్ధతి, ఉంటే ఇంకా మేలు. మస్సిమాల్ మందు ఒక భాగాన్ని గంటల తరబడి ఆపుతుంది. లేజర్ అయితే ట్రయల్ మధ్యలో ఆపి, తిరిగి వదులుతుంది. ఒక్క హెచ్చరిక, ఆ లేజర్ వెలుగు పుర్రె లోపలి నుంచి కంటికి తగలవచ్చు. వెలుగు ప్రయోగంలో అది మూడో సంకేతం అయిపోతుంది. ప్రతి ట్రయల్‌లోనూ పైనుంచి అదే రంగు కాంతి మెరిపించి దాన్ని కప్పేయండి.

కంప్యూటర్ వైపు మొగ్గు ఉండి, జంతువులను తాకడం ఇష్టం లేనివాళ్లు పక్క ల్యాబ్ వాళ్ల ముఖం వీడియోలు తీసుకుని కదలికను న్యూరాన్ల స్పందన నుంచి వేరుచేసే పని పెట్టుకోవచ్చు. ఈ రంగానికి ఇప్పుడు అత్యవసరంగా కావాల్సిన చేతులు అవి.

ఏది ఎంచుకున్నా మొదటి వారం చేయాల్సిన పని ఒకటుంది. అల్ట్రాసౌండ్ మైక్రోఫోన్ తెచ్చి ప్రయోగం జరిగే పెట్టె లోపల పెట్టండి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఆన్ చేయండి. స్పీకర్ వైరు పీకేసి, మిగతావన్నీ మామూలుగా ఉంచి, ఒక రోజంతా శబ్దం ట్రయల్స్ నడపండి. ఎలుక అప్పుడూ సగానికి మించి సరిగ్గా చెబుతుంటే, లోపల ఎక్కడో ఒక నీటి వాల్వు టిక్కుమంటోంది, లేదా ఎల్ఈడీ డ్రైవర్ మనకు వినపడని కూత పెడుతోంది. ఆ వాల్వు దొరికేదాకా శిక్షణ మొదలుపెట్టకండి.